రైట్ చెప్పే మనిషి

కళ్లజోళ్ల షాపు, భోజనం వేళ

మామయ్యా,

నేను అరటిక్కెట్టుని. మీ బస్సులో ఇంజను మూత మీద కూర్చుని ఎండాకాలం సెలవులన్నీ ఊరికే తిరిగేసిన పిల్లని. మూత కాలుతోందని లేచి నిలబడితే "కూర్చోవే, అద్దం కనపడ్డం లేదు" అని కసిరేవారు. ఆ పేరు పెట్టింది మీరే కాబట్టి గుర్తుపట్టక తప్పదు.

ఫోను చేశాను, ఒకసారి కాదు. ప్రతిసారీ మీ అమ్మాయే ఎత్తి "నాన్న పడుకున్నాడు" అంది. మీరు పగలు పడుకునే మనిషి కాదే అనుకుని, చివరికి అడ్రసు అడిగి తీసుకున్నాను.

నాన్నకి పక్షవాతం వచ్చింది మామయ్యా. పొద్దున్నే చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో కూలిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. మనం అనేది అర్థమవుతుంది గానీ తిరిగి చెప్పడానికి మాట లేదు. ఒకే ఒక్కటి మిగిలింది. అదేంటో మీకు చెప్పక్కర్లేదు, మీ బస్సులో కండక్టరుగా బతుకంతా అన్నదే. "రైట్."

మంచినీళ్లు కావాలన్నా రైట్, వద్దన్నా రైట్. నొప్పెక్కడ అంటే రైట్. మీ పేరేంటంటే రైట్. ఆస్పత్రిలో నర్సులు "తాతగారు దేనికీ కాదనరు, ఎంత మంచివారో" అని ముచ్చటపడ్డారు. మొన్న గడ్డం గీయడానికి వచ్చినతను "మీసం కూడా తీసెయ్యనా తాతా" అని అడిగాడట. రైట్ అన్నాడు. నేను పొయ్యి మీద పాలు దించి వచ్చేసరికి మీసం లేదు. ఎడమచేత్తో పైపెదవి తడుముకుని, "రైట్, రైట్" అంటూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మాట ఒకటే గానీ ఒకేలా అనడు. ఒక్కోసారి సాగదీస్తాడు, ఒక్కోసారి కొరికినట్టు అంటాడు. షాపులో రోజంతా నా పని అద్దాలు మార్చి మార్చి పెట్టి "ఇది బాగుందా, ఇదా" అని అడగడమే. ముక్కూమొహం తెలియనివాళ్లకి ఏం కావాలో నాకు తెలుస్తుంది. ఇంటికొస్తే కన్నతండ్రికి ఏం కావాలో తెలీదు.

ఆ మాట విని బతికింది మీరు. ఏ రైట్‌కి ఏం అర్థమో నాకు రాసి పంపండి.

మీ అరటిక్కెట్టు


చిన్నకూతురి ఇల్లు, వెనక వరండా

అరటిక్కెట్టూ,

నీ ఉత్తరం చదివి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మా అమ్మాయి కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. నాకంటే వాడే గట్టివాడనుకున్నానే. ముందు నేను పడాలి, వాడొచ్చి నన్ను తిట్టి లేపాలి, అదీ లెక్క.

ఆ మీసం తీసినవాడు నా చేతికి దొరికితే వాడి కనుబొమ్మలు తీసేసేవాణ్ణి. అది దువ్వుకోవడం కోసం డిపోలో బండి ఆలస్యం చేసినవాడు మీ నాన్న.

నువ్వడిగింది నన్నే అడగాలి. పోయిన మీ అత్తయ్యతో కంటే వాడితోనే ఎక్కువ మాట్లాడాను, ఆ మాట్లాడిందీ ఒక్క మాటే. నేను ముందు, వాడు వెనక గుమ్మంలో, మధ్యలో ఊరు ఊరంతా. మొహాలు చూసుకునేది డిపోలో టీ తాగేటప్పుడే.

రాసుకో. "రై...ట్" అని సాగదీస్తే, ముసలావిడో చంటిపిల్లతల్లో ఎక్కింది, ఇంకా కూర్చోలేదు, మెల్లగా పోనీ అని. "రైట్రైట్" అని తరిమినట్టు అంటే ఆలస్యమైంది, తొక్కు. గొంతు తగ్గించి పొడిగా అంటే చెకింగ్‌వాళ్లు ఎక్కారు, ఒళ్లు దగ్గర పెట్టుకో. "రైటా?" అని చివర పైకి లేపితే, ఇంజను చప్పుడు తేడాగా ఉంది, నీకేమైనా తెలుస్తోందా అని. మేం పోట్లాడుకున్న రోజున అసలు అనేవాడే కాదు, గుమ్మంలో నిలబడ్డ ఎవరిచేతనో అనిపించేవాడు. అంత మొండిఘటం.

ఆపమనడానికి వేరే మాట ఉండేది, "హోల్డాన్". అదీ పోయిందా? పోతే మాత్రం కష్టమే. పొమ్మనడానికి మాటుండి ఆగమనడానికి లేకపోతే మనిషి ఏమైపోవాలి?

ఎలా అంటున్నాడో రాస్తూ ఉండు. పొడుగెంత, గొంతెంత, ముందు ఊపిరి పీల్చాడా లేదా, అన్నీ. ఫోను చెయ్యకు. నాకు ఫోను పడదు.

డ్రైవరు మామయ్య


ఇల్లు, నాన్న మంచం పక్క నుంచి

మామయ్యా,

మీ ఉత్తరం మంత్రంలా పనిచేసింది. నిన్న ఒళ్లు తుడుస్తుంటే "రై...ట్" అని సాగదీశాడు. ఇదివరకైతే కానిమ్మంటున్నాడనుకుని గబగబా తుడిచేసేదాన్ని. మెల్లగా తుడిచాను. కళ్లు మూసుకుని హాయిగా పడుకున్నాడు. సాయంత్రం వదిన గదిలోకి రాగానే గొంతు తగ్గించి పొడిగా "రైట్" అన్నాడు. చెకింగ్! నాకు నవ్వాగలేదు. వదిన ఎందుకంటే చెప్పలేదు, మీరూ ఎప్పుడూ చెప్పకండి.

హోల్డాన్ పోయింది. నేను అని చూపించాను. పెదాలు కూడదీసుకుని ప్రయత్నించాడు, చివరికి రైట్ అనే వచ్చింది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఇంకో కొత్త అలవాటు పట్టుకుంది. మంచం కడ్డీని ఎడమచేత్తో కొడుతుంటాడు. అద్దెకి తెచ్చిన ఇనప మంచం, టంగుమని మోగుతుంది. గోడ అవతలివాళ్లు ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని అటునుంచి గోడ కొట్టారు. నరాల వల్ల అలా అవుతుందని ఎవరో అన్నారు. కడ్డీకి పాత తువ్వాలు చుట్టేశాను. ఇప్పుడు కొట్టినా చప్పుడు లేదు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. మెడలో రక్తనాళం పూడుకుపోయిందట. ఆపరేషను చేసి శుభ్రం చేస్తే మళ్లీ పక్షవాతం రాకుండా ఉండొచ్చు. చేసేటప్పుడే ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు రెండూ దాచకుండా చెప్పి "ఆయన మనసులో ఏముందో కనుక్కోండి" అన్నాడు. అన్నయ్య నాన్న చెయ్యి పట్టుకుని "చేయించుకుందాం నాన్నా" అన్నాడు. నాన్న రైట్ అన్నాడు. "చూశావా, ఒప్పుకున్నాడు" అంటాడు అన్నయ్య. నాకది ఒప్పుకోలులా వినపడలేదు. మీరు రాసిన రైట్‌లలో అది ఏదీ కాదు.

ఒక్కసారి వచ్చి వినండి మామయ్యా. ఈ విషయంలో మీ చెవుల్ని తప్ప నేను ఎవరినీ నమ్మను. బస్సు దిగే చోటికి నేనే వస్తాను.

అరటిక్కెట్టు


చిన్నకూతురి ఇల్లు

అమ్మాయికి,

ఉత్తరం అందింది. ఇప్పట్లో రావడం కుదరదు. మోకాళ్లు బాగాలేవు. మా అల్లుడు ఇల్లు మారే పనిలో ఉన్నాడు, సామాన్ల దగ్గర మనిషి కావాలి.

ఆపరేషను సంగతి డాక్టర్లున్నారు, మీ అన్నయ్య ఉన్నాడు, తెలివైనవాడు. మధ్యలో నేను చెప్పేదేముంది. నాన్నని జాగ్రత్తగా చూసుకో. నేనడిగానని చెప్పు.

ఇట్లు
మామయ్య


ఇల్లు

మామయ్యగారికి,

మోకాళ్ల నొప్పులట. బస్సులో కూర్చుని రావడానికి మోకాళ్లెందుకు? బతుకంతా బస్సు నడిపిన మనిషి బస్సెక్కలేనని రాస్తే నమ్మడానికి నేనింకా అరటిక్కెట్టునా?

మీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. మొదటి ఉత్తరం చదివినప్పుడు కనుబొమ్మల దగ్గర ఎంత నవ్వాడో, రెండోది సగంలో ఉండగానే కళ్లు మూసుకున్నాడు. అయినా సరే, వీధి తలుపు చప్పుడైతే చాలు తల తిప్పుతున్నాడు. మీరు వస్తారని నేనే నోరు జారి ముందే చెప్పాను. నాదే బుద్ధి తక్కువ.

అన్నయ్య రోజూ ఆస్పత్రి కాగితం తెచ్చి బల్ల మీద పెడుతున్నాడు. ఒప్పుకుంటున్నాం అన్న చోట రైటు కొట్టి సంతకం పెట్టాలి. నేను ఆగమంటే "కొడుగ్గా నాకు ఆమాత్రం రైటు లేదా" అంటాడు. వాడికి నాన్న మీద ప్రేమ లేదని కాదు, నాకంటే ఎక్కువే ఉందేమో. భయపడుతున్నాడు. నేనూ భయపడుతున్నాను. తప్పు చేస్తే చచ్చిపోయేది నాన్న.

ఆ తువ్వాలు చుట్టిన కడ్డీని ఇంకా కొడుతూనే ఉన్నాడు, చప్పుడు రాదని తెలిసి కూడా. చూడలేకపోతున్నాను. మీకు రావాలని లేకపోతే రాకండి. సాకులు మాత్రం రాయకండి.

మీ స్నేహితుడి కూతురు


వెనక వరండా

అరటిక్కెట్టూ,

తిట్టావు. తిట్టాల్సిందే. "మీ స్నేహితుడి కూతురు" అన్న మాట మాత్రం గుచ్చుకుంది.

నాకు చెవులు పోయాయే తల్లీ. రిటైరై బస్సు దిగేశాక, ఇంటిపట్టున ఉన్న రోజుల్లో. మొదట పిట్టలు పోయాయి, తర్వాత మనవరాలి మాట, ఇప్పుడు కుక్కరు కూత కూడా లేదు. చెవిలో మిషను పెట్టి చూశారు, హోరు తప్ప ఏమీ రాలేదు. అందుకే ఫోను మా అమ్మాయి ఎత్తుతుంది. నాన్న పడుకున్నాడని చెప్పమన్నది నేనే. సిగ్గు.

నువ్వు నా చెవుల్ని నమ్ముకుని రమ్మన్నావు. వాడికి మిగిలింది ఒక్క మాట. దాన్ని కూడా వినలేనివాణ్ణి వాడి ముందు కూర్చుని ఏం చెయ్యను? వాడు రైట్ అంటుంటే నేను గుడ్లప్పగించి చూస్తే, ఆ ఒక్కటీ పోయిందనుకోడూ? మాట పోయినవాడి దగ్గరికి చెవులు పోయినవాడు వెళ్తే చూసేవాళ్లకి వినోదం, అంతే. అందుకని మోకాళ్ల మీద నెట్టేశాను.

నా ఏడుపులో నేనుండి మొన్న ఒక ముక్క సరిగ్గా చదవలేదు. ఈసారి చదివితే దొరికింది. కడ్డీ కొడుతున్నాడని రాశావు చూడు. ఒసే పిచ్చిమొహమా, అది నరాలు కాదే!

వానాకాలం కిటికీలన్నీ మూసేసి, బండి నిండా జనం గోల పెడుతుంటే వాడి గొంతు నాదాకా వచ్చేది కాదు. అప్పుడు పక్కరేకు మీద అరచేత్తో కొట్టేవాడు. ఒక్క దెబ్బైతే ఆపు. రెండైతే పోనీ. ఆ అదురు రేకు వెంట పాకి నా సీట్లోంచి వీపుకి తగిలేది. చెవితో పనే లేదు. నోటికి రాని హోల్డాన్ వాడి చేతికి వస్తోంది. ఇన్నాళ్లూ వాడు ఆపండి మొర్రో అంటుంటే మీరు తువ్వాలు చుట్టారు.

ముందది విప్పు. తర్వాత అడుగు.

మామయ్య


ఇల్లు

మామయ్యా,

మీ ఉత్తరం చేతిలో ఉండగానే తువ్వాలు విప్పాను. నాన్న దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నాకు తెలీలేదు నాన్నా అన్నాను. ఎడమచెయ్యి నా నెత్తి మీద పెట్టాడు. ఆ తర్వాత కడ్డీ మీద రెండు దెబ్బలు కొట్టాడు. సరే పోనీ, అని.

షాపులో ఎవరికైనా అద్దం సరిపోయిందో లేదో తేల్చుకోవాలంటే ఒకసారి అడిగి ఊరుకోం. అటుదిటు, ఇటుదటు మార్చి అడుగుతాం. అలాగే అడిగాను. నేను నీ కొడుకునా? ఒక్క దెబ్బ. కూతుర్నా? రెండు. కాఫీలో పంచదార తగ్గించమంటావా? ఒక్కటి, అదీ గట్టిగా. మీసం పెంచుదామా? రెండు, మంచం అదిరిపోయేలా. గోడ అవతలివాళ్లు మళ్లీ కొట్టారు. నాన్న వాళ్లకి కూడా రెండు కొట్టి పోనిచ్చాడు. మేమిద్దరం ఎంత నవ్వామో.

అప్పుడు అన్నయ్యని పిలిచి, వాడి ముందు అడిగాను. ఆపరేషను చేయిద్దామా? నోరు రైట్ అంది, చెయ్యి ఒక్క దెబ్బ కొట్టింది. మార్చి అడిగాను. కోత లేకుండా ఇంట్లోనే ఉంచుకోమంటావా? రెండు దెబ్బలు. అన్నయ్య తనే అడిగాడు. ఒక్కటి. నోటితో మళ్లీ రైట్ వచ్చేసరికి నాన్న తన నోటి మీద తనే చిరాకుపడ్డాడు.

అన్నయ్య "నువ్వేదో నేర్పించావు" అని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. కాగితం తీసుకెళ్లలేదు. నేను రైటు కొట్టకుండానే మడిచి డాక్టరుకి తిరిగిచ్చేశాను. నాన్న మాటే నిలబెట్టాను.

రండి. చెవులు అక్కర్లేదు. కడ్డీ మీద చెయ్యి పెడితే చాలు.

మీ అరటిక్కెట్టు


చిన్నకూతురి ఇల్లు

అరటిక్కెట్టూ,

క్షేమంగా చేరాను. తిరుగు బస్సులో కావాలనే వెనక సీట్లో, కండక్టరు పక్కన కూర్చున్నాను. నా బతుకులో బస్సు వెనకభాగంలో కూర్చోవడం అదే మొదటిసారి అంటే నమ్ము. ఇంత కుదుపా? వాడు అన్నేళ్లు దీని మీద నిలబడ్డాడా? ఒక్కనాడూ నాకు చెప్పలేదు, దొంగ.

వాడు సగానికి సగం అయిపోయాడే. గుమ్మంలోంచి చూడగానే వెనక్కి వెళ్లిపోదామనిపించింది. కడ్డీ మీద నా చెయ్యి పెట్టి, పక్కన వాడు కొట్టగానే పాత అదురే, అరచేతిలోంచి మోచేతిదాకా. మా డిపో, మా వాన, అన్నీ వచ్చేశాయి.

నేను వెళ్దామని లేచినప్పుడల్లా ఒక్క దెబ్బ కొట్టాడు, చూశావుగా. నేను మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేచాను, మళ్లీ ఒక్కటి. ఆఖరి బస్సు వేళయ్యాక నా మొహంలోకి చూసి రెండు కొట్టాడు. వద్దురా ఇంకాసేపుంటానన్నాను. మళ్లీ రెండు కొట్టాడు. కండక్టరు మాట డ్రైవరు కాదనకూడదు.

మీసం బాగా వస్తోంది. దువ్వెన పెట్టు.

మామయ్య


ఇల్లు

మామయ్యా,

ఈ కబురు ఫోనులో మీ అమ్మాయికి చెప్పాను. మీకు ఆవిడ రాసి చూపించే ఉంటుంది. నేను కూడా మీకు చెప్పాలి కదా.

మళ్లీ పక్షవాతం వచ్చింది. డాక్టరు భయపడిందే. పొద్దున కాఫీ తాగాడు, మీసం దువ్వితే అద్దం అడిగి చూసుకున్నాడు. మధ్యాహ్నానికి కళ్లు తేలేశాడు. అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. ఈమధ్య రోజూ వచ్చి కడ్డీ మీద చెయ్యి పెట్టి కూర్చునేవాడు లెండి. "నా మీద కోపమా నాన్నా" అని మొన్న అడిగితే నాన్న ఒక్క దెబ్బ కొట్టాడు. లేదు అని. వాడికి అదొక్కటి దక్కింది.

మీరు వచ్చిన రోజున మీకు వినపడని సంగతి ఒకటి చెప్పాలి. మీరు గట్టిగట్టిగా డిపో కబుర్లు చెప్తుంటే, నాన్న చేత్తో కొడుతూనే నోటితో కూడా అన్నాడు. మీకు వినపడదని నేను చెప్పాను, తెలుసు ఆయనకి. అయినా అన్నాడు. మీరు రాసిన రైట్‌లలో లేనిది, చాలా మెల్లగా, మీరు మాట్లాడే ప్రతి మాట చివరా. చంటిపిల్లని జోకొడుతూ ఊఁ కొట్టినట్టు. పేరు తెలీదు దానికి. మీకు వినిపించాలని ఎంత అనిపించిందో.

ఆఖరికి నేనూ అన్నయ్యా చెరోపక్క ఉన్నాం. ఎడమచెయ్యి లేచింది. కడ్డీ మీద ఒక్క దెబ్బ పడింది. నేను రెండోదాని కోసం ఊపిరి బిగపట్టి చూశాను. రాలేదు. చెయ్యి అక్కడే జారిపోయింది.

అది ఆపమనా మామయ్యా? ఏం ఆపాలో నాకు తెలీలేదు. లేక రెండు కొట్టబోయి సగంలో పోయాడా? ఆపరేషను చేయించి ఉంటే బతికేవాడా? అన్నం తింటున్నా అదే, షాపులో అద్దాలు పెడుతున్నా అదే. ఇది బాగుందా, ఇదా అని అడిగి, వాళ్లు చెప్పింది వినకుండా నిలబడిపోతున్నాను. తప్పు విన్నానేమో. నేనే చంపుకున్నానేమో. ఎవరూ అనడం లేదు. అన్నా బాగుండు.

అరటిక్కెట్టు


వెనక వరండా

అమ్మా, అరటిక్కెట్టూ,

నేను వచ్చిన రోజున నువ్వు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లావు. అప్పుడు వాణ్ణి అడిగాను. ఏరా, కోయించుకుంటావా, ఇంకా మించిపోలేదు, నీ కొడుక్కి నేను చెప్తాను అన్నాను. ఒక్కటి కొట్టాడు. మీ అమ్మాయి కోసం వద్దంటున్నావా అన్నాను. ఒక్కటి. భయమా అన్నాను. ఒక్కటి, నన్ను తిట్టినట్టు. ఇంట్లో ఉంటావా అంటే రెండు. నువ్వు తప్పు వినలేదు. ఈ సంగతి నీకు చెప్పకుండా వచ్చేశాను. ఒకసారి తేల్చుకున్నదాన్ని మళ్లీ కెలకడమెందుకని. చెప్పాల్సింది.

ఆఖరి దెబ్బ సంగతి. నేనక్కడ లేను, నా చెయ్యి కడ్డీ మీద లేదు, కాబట్టి ఒట్టేసి చెప్పలేను. నాకు తెలిసింది చెప్తాను. రెండు కొట్టేవాడు రెండూ కలిపే కొడతాడు, మధ్యలో ఊపిరి పట్టేంత సందు ఉండదు. అది ఒక్కటే. బండి మధ్యలో ఒక్క దెబ్బ ఎందుకు కొడతారే కండక్టర్లు? ఎవరో దిగాలి కాబట్టి. బతుకంతా వాడు పరాయివాళ్లని దించడానికే కొట్టాడు. ఆ రోజు తను దిగాడు. అంతే తల్లీ. నువ్వు ఆపాల్సిందేమీ లేదు.

నీకు ఇంత ధైర్యం చెప్తున్నానా, నా సంగతి విను. వాడు రైట్ అననిదే నేనెప్పుడూ బండి కదపలేదు. జనం వెనకనుంచి తిట్టినా, ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉన్నా కదపలేదు. ఇప్పుడు పొద్దున లేచి మంచం మీద కూర్చుంటాను. కాళ్లు కింద పెట్టాలి. పెట్టలేను. మా అమ్మాయి కాఫీ తెచ్చి పెదాలు కదుపుతుంది, లే నాన్నా అంటోందని తెలుస్తూనే ఉంటుంది. లేవాలనిపించదు. వెనకనుంచి ఏదో రావాలని కూర్చుంటాను.

ఇక నాకు చెప్పేవాళ్లెవరూ లేరు. నువ్వు ఇంజను మూత మీద కూర్చుని ఆ మాట వేలసార్లు విన్నదానివి. నాకు వినపడదు గానీ చదవడం వచ్చు. ఒకసారి రాసి పంపు.

మామయ్య


ఇల్లు, నాన్న మంచం ఉన్న చోట నుంచి

మామయ్యా,

రైట్. రైట్.

మీ అరటిక్కెట్టు